మా అమ్మాయి పడవ పందెములు

ఆడపిల్ల చేతికి చుక్కాని నిచ్చిన తల్లి పడిన పాట్లు మీతో చెప్పుకొనవలెనని చాల దినములనుండి యనుకొనుచుంటిని. మావారు సికిందరాబాదులో నుపాధ్యాయులు. మా అమ్మాయికి పండ్రెండేండ్లు. నిరుడు వేసవిలో హుస్సేనుసాగరమున తెరచాప పడవ నడపుట నేర్చుకొని, యీ వర్షకాలమున మొదటిసారిగా పందెములలో దిగినది. నాకు పురాణములలోని నావలే తెలియును గాని, నిజముగా పడవ యెక్కి యెఱుగను.

ఆ పడవ పేరు ఆప్టిమిస్టు, అనగా ఆశావాది. 1947లో అమెరికాలోని ఫ్లారిడాయందు క్లార్కు మిల్సు అను నతడు పిల్లలకొఱకే దీనిని రూపొందించెను. ఎనిమిదడుగులైన పొడవు లేదు. ఒక్కటే తెరచాప, నడపువారును ఒక్కరే. తెరచాప పడవ గాలికెదురుగా తిన్నగా పోజాలదు గనుక, ఇటు కొంత, అటు కొంత ఏటవాలుగా నడపుచు ముందునకు పోవలయును. మా సాగరముమీది గాలి గట్టున నున్న మేడల సందులనుండి వచ్చుచు, క్షణమున కొక దిక్కునకు తిరుగును.

పందెమునకు ఐదు నిమిషములు ముందుగా జెండా ఎత్తెదరు. అంతవరకు పడవలన్నియు గీత వెనుక తిరుగుచుండి, సమయము కాగానే దాటవలయును. ఎవరైన ముందుగా దాటినచో, నీలపు అడ్డునిలువు గీతలుగల తెల్లజెండా ఎత్తి, ఒక ధ్వని చేయుదురు. దాటినవారు వెనుకకు వచ్చి మరల బయలుదేరవలయును. మొదటి పందెమున మా అమ్మాయి ఆ జెండాను చూచినది. కాని యది ప్రక్కపడవకని తలచి సాగిపోయినది. మూడవదిగా చేరి, నవ్వుచు ఒడ్డునకు వచ్చినది. నేను పొంగిపోయితిని.

సాయంకాలము పలకపై చూడగా దాని పేరునకెదురుగా పందొమ్మిది యని యున్నది! ఈ పందెములలో మొదటివారికి ఒకటి, రెండవవారికి రెండు; తక్కువ లెక్క వచ్చినవారే గెలిచినట్లు. పడవలు పదునెనిమిది గనుక, తప్పుగా బయలుదేరినవారికి అందఱికంటె వెనుకటి లెక్క. "వెనుకకు తిరిగియుండిన ఒక నిమిషము పోయెడిది, తిరుగనందున పందెమే పోయినదమ్మా" అని పిల్ల యేడ్చినది. ఓదార్చుటకు మారుగా నేను, "కండ్లెక్కడ పెట్టుకొంటివి?" అని కసరితిని.

రెండవ పందెమున ఎనిమిదవది. మూడవదానిలో గుఱ్ఱపుడెక్క పడవ అడుగు పలకకు చుట్టుకొనెను. పలకను పైకి లాగి దానిని విదిలించులోపల పడవలన్నియు దాటిపోయి, పదునాలుగవ స్థానము మిగిలెను. నాలుగవదానిలో ఏడు. ఐదవనాడు మబ్బు క్రమ్మి, గాలి విసరుగా వీచి, నా కన్నులయెదుటనే పడవ బోరగిల పడెను.

నేను గట్టున నిలిచి గజేంద్రుని తలచుకొనుచు, ఏ దేవుడైన వచ్చునా యని చూచుచుంటిని. లైఫ్ జాకెట్టున్నదని నా బుద్ధికి తెలియును, కాళ్ళకు తెలియలేదు. రక్షకుల మోటారు పడవ దగ్గఱగా వచ్చెను గాని, పిల్ల సాయము కోరనందున ఊరకుండెను. అది మెల్లగా ఆ అడుగు పలకమీది కెక్కి, బరువంతయు దానిపై నుంచి, పడవను లేవనెత్తినది. డబ్బాతో నీరు తోడిపోసి, పదునాఱవదిగా చేరినది.

ఆ రాత్రి నేను, "ఇక చాలు, రేపు పోవలదు" అంటిని. మా అత్తగారును, "ఆ చెఱువు సామాన్యమా? 1990లో బుద్ధవిగ్రహమును కొనిపోవు బల్లకట్టు మునిగి ప్రాణములు పోలేదా?" అనిరి.

"ఆ విగ్రహమునే పైకి తీసి 1992లో నిలిపిరి గదా, నాయనమ్మా!" అని పిల్ల నావైపు తిరిగినది. "అమ్మా! ఆఱు పందెములలో మిక్కిలి చెడ్డదానిని లెక్కనుండి తీసివేయుదురు. కాని ఒక్కదానినే. రేపు పోనిచో ఇంకొక పందొమ్మిది వచ్చును; అది పోదు."

మావారు నవ్వి యూరకుండిరి. నాకు జవాబు తోచలేదు. మఱునాడు నేనే దానికి పెరుగన్నము కలిపి పెట్టి పంపితిని. ఆనాడు ఆఱవదిగా వచ్చినది. మొత్తము డెబ్బది, పందొమ్మిది తీసివేయగా ఏబది యొకటి. పదవ స్థానము. బహుమానమేమియు లేదు.

ఇంటికి వచ్చి కాఫీ కలుపుచు, "మొదటినాడు ఆ జెండా సరిగా చూచియుండిన" అని మొదలుపెట్టి, సగములో ఆపితిని. పందెమువారు కొట్టివేసిన పందొమ్మిదిని నేను మరల వ్రాయబోవుచుంటిని! నిరుడు గణితమున వచ్చిన తక్కువ మార్కులు, మూడేండ్లక్రింద పగులగొట్టిన గాజు కూజా, అన్నియు నా లెక్కలో నున్నవి. మావారి పొరపాట్లకైతే వేఱొక చిట్టాయే కలదు. తప్పుచేసినప్పుడు వెనుకకు తిరిగి మరల బయలుదేరుట పిల్ల నేర్చుకొనుచున్నది. జరిగిపోయినదానిని తీసివేయుట నేనింకను నేర్చుకొనవలసియున్నది. ఆ సాయంకాలము ఒక్కటి తీసివేసితిని. కూజా సంగతి ఇక నెత్తను.