జటాయువు రెక్క

చోడవరంలో హాస్టల్లో ఉండి చదువుకున్నన్నాళ్లూ సెలవులొస్తే మాడుగుల మీదుగా పాడేరు బస్సెక్కి ఊరికి పోయేవాళ్లం. బస్సు కోసం నిలబడే చోట ఒక కొట్లో పాత పటం ఉండేది. రవివర్మ ‘జటాయు వధ’. రావణుడు కత్తి ఎత్తి ఉంటాడు. సీత చూడలేక చేత్తో ముఖం కప్పుకుంటుంది. రెక్క తెగిన జటాయువు కిందికి ఒరిగిపోతుంటాడు. కొట్టుకొచ్చిన వాళ్లు సీతమ్మను చూసి అయ్యో అనేవారు. మేం పక్షినే చూసేవాళ్లం. గద్దల్ని రోజూ చూసే కళ్లు మావి. ఆ ఈకలు అచ్చం ఈకల్లాగే ఎలా వచ్చాయో అర్థమయ్యేది కాదు.

ఆ సంగతి మా డ్రాయింగు మాస్టారు చెప్పారు. అది 1906లో నూనె రంగులతో వేసిన బొమ్మ. రంగుపొడిని అవిసె నూనెలో నూరుతారు. ఆ రంగు ఆరడానికి రోజులు పడుతుంది. అందుకే చీకటినీ వెలుగునూ కుంచెతో ఒకదాన్లోకి ఒకటి కలిపేయొచ్చు. వెనక మబ్బుకు అంచు కనపడదు. ముందున్న ఈకకు మాత్రం అంచు పదునుగా దిద్దుతారు. మన చూపు తిన్నగా అక్కడికే పోతుంది. 1894లో రవివర్మ బొంబాయి దగ్గర అచ్చు యంత్రం పెట్టించాక దేవుళ్ల పటాలు గుడిలోకి రానివ్వని వాళ్ల ఇళ్లకు కూడా చేరాయి.

ఇదంతా విన్నాక మాకు సిగ్గేసింది. మేం వేసేవి మనిషికి రెండు గీతలు, చెట్టుకు నాలుగు గీతలు. అంతకుముందే ఒక టీచరు వాటిని చూసి, “ఇవి గీతలురా, బొమ్మలు కావు” అన్నారు. అప్పట్నుంచి మాలో కొందరు పెన్సిలు ముట్టలేదు.

చాలా ఏళ్లకు సీతంపేట వైపు ఒక సవర ఇంట్లో గోడ చూశాం. ఎర్రమట్టి అలికిన గోడ మీద తడిపిన బియ్యప్పిండితో, వెదురుపుల్లతో వేసిన బొమ్మ. సూర్యుడు, చంద్రుడు, ఏనుగు, గుర్రం, వరసగా మనుషులు. పోయిన పెద్దల కోసం, రోగం పోవాలని, పంట పండాలని వేస్తారు. పిండి వెంటనే ఆరిపోతుంది. కలపడానికీ దిద్దడానికీ వీల్లేదు. గీత ఒక్కసారే పడాలి, తిన్నగా పడాలి. అదీ దేవుడి బొమ్మే. నూనె రంగు ఆగి ఆలోచించుకోనిస్తుంది, పిండి ఆగనివ్వదు. రెండింటికీ చెయ్యి తిరగాల్సిందే.

అప్పుడు మాకు ఆ కొట్లో పటం మళ్లీ గుర్తొచ్చింది. ఇప్పుడు సిగ్గు లేదు. ఆ రెక్క వేసిన చెయ్యి ఎంత కష్టపడిందో తెలిసింది, మా అవ్వల చెయ్యి ఎంత కష్టపడిందో కూడా తెలిసింది.

పంతుళ్లకు మా మాట ఒక్కటే. తరగతి గోడకు రవివర్మ పటం పెట్టండి, పక్కనే సవర బొమ్మ పెట్టండి. పిల్లలు గీసిన గీతను మాత్రం కొట్టేయకండి.