కోనసీమలో కత్తి కొనుక్కుందాం రండి!

కోనసీమ అనగానే మనకు గోదావరి పాయలూ, కొబ్బరితోటలూ, ఆత్రేయపురం పూతరేకులూ గుర్తొస్తాయి. అటు వెళ్లినవాళ్లు సంచీ నిండా తెచ్చుకునేది కూడా అవే. కానీ పెరట్లో నాలుగు చెట్లున్న ఇల్లాలు అక్కడ చూసి రావలసింది ఇంకొకటుంది. అదే కమ్మరి కొలిమి!

రావులపాలెం అరటి మార్కెట్ దాటి అంబాజీపేట వైపు వెళ్తుంటే దారి పొడుగునా పచ్చదనమే. అంబాజీపేట కొబ్బరి వ్యాపారానికి పెట్టింది పేరు. 2022లో కోనసీమ విడిగా జిల్లా అయ్యాక ఈ ఊళ్లన్నీ అందులోకి వచ్చాయి. చెట్టెక్కి కాయలు తీసే దింపు కార్మికులకు ఇక్కడ కత్తే అన్నం పెడుతుంది. అలాంటిచోట కత్తి మంచిచెడ్డలు తెలుసుకోవడం తేలిక.

నాతో మా వదిన కూడా వచ్చింది. పిల్లలు దూరాన ఉండటంతో ఆవిడ ఇంట్లో ఒక్కర్తే ఉంటుంది. వానాకాలంలో మునగచెట్టుకి గొంగళిపురుగులు పడితే, ఒక్క కొమ్మ కొట్టించడానికి మనిషి కోసం రోజుల తరబడి ఎదురుచూడాలి. ఆ బెడద తప్పించుకోవాలనే కత్తి కొనే ఆలోచన.

రోడ్డు పక్క పాకలో కమ్మరి పట్టకారుతో ఎర్రటి ఇనుము పట్టుకుంటే, ఆయన భార్య సమ్మెటతో కొడుతోంది. అది పాత లారీ కమాను పట్టీ ముక్క. "ఇదైతే దెబ్బకి ఓర్చుకుంటాదండి, పదునూ నిలబడతాది" అన్నాడాయన.

వదిన పెద్ద కత్తి మీద చెయ్యి వెయ్యగానే ఆమె నవ్వింది. "అది మట్టలు కొట్టేదమ్మా. మీ ఇంట్లో ఏం చెట్లున్నాయి?"

"మునగ, మందారం, గోరింట, కరివేపాకు."

"అయితే ఇది పట్టుకోండి. పైకెత్తి కిందికి దించుతూ మధ్యలో ఆపండి. ఆగితే అది మీ కత్తి. ఆగకపోతే మీ కాలి మీదికొస్తాది."

ఎంత చక్కటి పరీక్షో చూడండి! కత్తి గొప్పతనం బరువులో లేదు, మన మణికట్టు మాట వినడంలో ఉంది. బొటనవేలంత కొమ్మలకు పిడి కాకుండా పది, పన్నెండు అంగుళాల కత్తి చాలు. పిడి దగ్గర కంటే చివర కొంచెం బరువుంటే దెబ్బ సులువుగా దిగుతుంది. ముక్కు వంగి ఉంటే అందని రెమ్మను దగ్గరికి లాక్కోవచ్చు. మణికట్టంత లావు కొమ్మకు మాత్రం రంపమే మేలు.

కొనేముందు పిడి పట్టుకుని ఊపి చూడండి, కదలకూడదు. కత్తి తోక పిడి చివరిదాకా వెళ్లి, అక్కడ మడిచి ఉంటే గట్టిది. రోకలికి ఉన్నట్టే పిడికి పొన్ను ఉండాలి, లేకపోతే కర్ర చీలుతుంది. కంటికెదురుగా పెట్టి చూస్తే అంచు తిన్నగా కనిపించాలి.

ఇక వాడేటప్పుడు రెండో చెయ్యి కొమ్మకు దూరంగా, దెబ్బ పడే వైపున కాకుండా ఉంచండి. పిల్లల్ని లోపలికి పంపండి. నిచ్చెన ఎక్కి నరకొద్దు. దెబ్బ అడ్డంగా కాక ఏటవాలుగా వెయ్యాలి. మునగకొమ్మకు ముందు అడుగున చిన్న గాటు పెట్టి తర్వాత పైనుంచి కొడితే బెరడు చీలిపోదు. కరెంటు తీగకు దగ్గరగా ఉన్న కొమ్మ జోలికి మాత్రం వెళ్లకండి. అది కరెంటువాళ్లకే చెప్పాలి.

పని అయ్యాక జిగురు తుడిచి, రెండు చుక్కల కొబ్బరినూనె రాసి, గోనెగుడ్డలో చుట్టి పిల్లలకు అందని చోట పెడితే తుప్పు పట్టదు. పదును తగ్గితే ఆకురాయితో నాలుగుసార్లు రుద్దితే సరి.

ఈ ఏడు వానలకు మా వదిన ఎవరికీ కబురు పంపలేదు. పురుగు పట్టిన కొమ్మలు తనే కొట్టేసింది. కొత్తగా వేసిన లేత మునగాకుతో పప్పు వండి మాకూ పంపింది!