బిగుసుకున్న బేరింగు

మా అబ్బాయి రిమోట్ కారులో గేర్లు అరిగిపోయాయి. కొత్తవి వేద్దామని మొన్న ఆదివారం ఇద్దరమూ దానిని విప్పి కూర్చున్నాము. పాత గేర్లు సులువుగానే వచ్చాయి. అల్యూమినియం గూటిలో బిగుసుకున్న రెండు బేరింగులే మొండికేశాయి. చూడబోతే ఒక్కొక్కటి 11 మిల్లీమీటర్ల వ్యాసం, 4 మిల్లీమీటర్ల మందం. చొక్కా గుండీ అంత!

నాకు ఓపిక నశించింది. వెనుక రంధ్రంలోంచి స్క్రూడ్రైవరు దూర్చి, ఒకదాని లోపలి వలయానికి ఆనించి సుత్తితో రెండు దెబ్బలు వేశాను. అది కదలలేదు సరికదా, వేలితో తిప్పితే గరగరమంది. గూటికి పట్టుకున్నది బయటి వలయం. నేను కొట్టినది లోపలిదానిని. ఆ దెబ్బంతా నడుమనున్న ఉక్కు గోళీలు మోశాయి. అవి దొర్లే గాడిలో సొట్టలు పడ్డాయి.

"నాన్నా, నేను చూడనా?" అన్నాడు వాడు. అమ్మ హెయిర్ డ్రయ్యరు తెచ్చి గూటిని వేడి చేశాడు. ఉక్కుకంటే అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. నిరుడు పరీక్షల ముందు కేకలు వేసి మరీ ఈ పాఠాన్ని వాడిచేత బట్టీ పట్టించినది నేనే. గూటిని గుడ్డతో పట్టుకుని చెక్కబల్లపై మెల్లగా తట్టగానే రెండు బేరింగులూ జారిపడ్డాయి. ఒకటి చప్పుడు లేకుండా తిరిగింది. రెండవది నేను కొట్టినది.

వాడు ఏమీ అనలేదు. మార్చిలో వాడికి మళ్ళీ పరీక్షలు. గరగరలాడే ఆ బేరింగును పారవేయక, నా బల్లమీదే ఉంచుకున్నాను.