మైకు బిగించింది నేనే

ఆదివారం మీటింగులో ప్రొజెక్టరు, సీసీ కెమెరాల కొటేషన్ చర్చకొస్తుంది. "బిగించడానికి ఇంత డబ్బా? మనమే బిగించుకుందాం" అని గ్రూపులో ఇద్దరు ముగ్గురు రాశారు. రెండేళ్ల కిందట ఆ మాటన్నది నేనే. అందుకే ఈ నాలుగు ముక్కలు.

అప్పుడు మైకు సెట్టు కొన్నాం. సామాను ధర కాక బిగించడానికి 14,000 అడిగారు. కోశాధికారిగా నేను ఆ లైను కొట్టేశాను. రైల్వేలో ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన చేయి కదా! నేనూ ఇద్దరు కుర్రాళ్లూ ఒక్క పూటలో వైర్లు లాగేశాం. మైకు వైరూ కరెంటు వైరూ కలిపి కట్టాం. చూడ్డానికి బాగుందని స్పీకర్లు స్టేజీ వెనక గోడకు పెట్టాం.

ఉగాదినాడు మొదట గుయ్యిమని మోత, తర్వాత కీచుమని అరుపు. పిల్లలు చెవులు మూసుకున్నారు. స్టేజీ అప్పుడే కడిగారు, ఇంకా తడిగా ఉంది. పద్యాలు పాడే మన పెద్దాయన చెప్పులు విడిచి వచ్చి మైకు పట్టుకుని, చటుక్కున వదిలేశాడు. "ఏమప్పా, జుమ్మంటాందే!" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన గుండెకు మందులు వాడుతున్నాడని నాకు తెలుసు.

మరుసటి వారం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచాం. స్విచ్ బోర్డు విప్పి, "సార్, ఈ మూడో రంధ్రం వెనక వైరే లేదు, ఉత్త బొక్క" అన్నాడు. ఎర్తింగే లేదన్నమాట. ఆంప్లిఫయర్‌లో లీకైన కరెంటు మైకు దాకా వచ్చి, తడి కాళ్ల మీదుగా భూమిలోకి పోయింది. ఆయన హాలు వెనక గుంత తీయించి ఎర్త్ పైపు దించాడు, మీటరు పెట్టి కొలిచాడు. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా లైను తెంచేసే ఆర్‌సీసీబీ పెట్టాడు. మైకు వైర్లను కరెంటు వైర్లకు దూరంగా లాగి, స్పీకర్లను మైకుల కన్నా ముందుకు జరిపాడు. మోతా పోయింది, కీచూ పోయింది. ఖర్చు 22,000. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పొదుపు.

రైల్వేలో సిగ్నల్ మీద చెయ్యి పెట్టాలంటే ముందు స్టేషన్ మాస్టరుకు డిస్‌కనెక్షన్ మెమో ఇవ్వాలి. పని అయ్యాక పరీక్షించి, రీకనెక్షన్ మెమో మీద సంతకం పెట్టాకే దాన్ని మళ్లీ వాడుకలోకి తెస్తారు. బిగించినవాడు జవాబుదారీగా నిలబడే పద్ధతి అది. సర్వీసంతా అది చూసిన నేను సొంత హాల్లో మరచిపోయాను.

ఇంకో సంగతి. బళ్ళారి రాఘవ గారి (1880–1946) కాలంలో నటుడి గొంతే చివరి వరుస దాకా పోవాలి. మనకు ఆ గొంతులు లేవు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇప్పుడు మన పిల్లల్లో చాలామందికి బడిలో తెలుగు లేదు. నేనూ తమిళ మీడియంలో చదివినవాణ్ణే, నా తెలుగంతా చెవితో నేర్చుకున్నదే. మన హాల్లో మాట సరిగా వినపడకపోతే ఆ పిల్లలు నేర్చుకునేది ఎక్కడ?

కాబట్టి నా మనవి: బిగింపు ఖర్చు కొట్టేయకండి. ఎర్తింగ్ కొలత, వైర్లు ఎటు పోయాయో చూపే పటం, సంతకం ఉన్న కాగితం, ఈ మూడూ చేతికొచ్చాకే చివరి బిల్లు చెల్లిద్దాం. వేసవిలో ఎర్త్ గుంతలో నీళ్లు పోసే పని నాది.

ఈ ఉగాదికి పెద్దాయన మళ్లీ పాడాడు. మైకు ముట్టుకునే ముందు ఒక్క క్షణం నా వైపు చూశాడు. నేనే ముందు వెళ్లి పట్టుకుని చూపించాను.

నా రాతలో తప్పులుంటే దిద్దండి.