అమ్మీ మందుల డబ్బాలోని పేరు

మా అమ్మీ ప్రతి శుక్రవారం రాత్రి ఒక మందు వేసుకొంటారు. కీళ్లవాతానికి ఇచ్చిన మెథోట్రెక్సేట్, 15 మిల్లీగ్రాములు, వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకొంటే ప్రాణానికే ముప్పు. గత ఏడాది బెంగళూరు ఆసుపత్రిలో మా మామూ చికిత్స కాగితాలలో అదే పేరు చూచి మేము నివ్వెరపోయాము.

కళ్యాణదుర్గం దగ్గర మెట్టలో బుడ్డలు పండించే మామూకు ఉన్నట్టుండి మాట తడబడి, కుడిచేతి పట్టు తప్పింది. మెదడులోనే పుట్టి వేగంగా పెరిగే లింఫోమా అని బయాప్సీలో తేలింది.

“పొలం అమ్మైనా సరే, కొత్త మందు వేయిద్దాం. అమ్మీ మోకాళ్లనొప్పుల మందుతో క్యాన్సరు పోతుందా?” అన్నారు భాయిజాన్. ఆ సందేహం మాకూ ఉంది, పైకి అనలేదంతే.

నిజానికి అది మొదట నొప్పుల మందు కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల నుండి 1940లలో ఈ జాతి మందులు వచ్చాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరున్న పసివాళ్లకు ఇచ్చారు. ఆ ఫలితాలు వెలువడిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. కణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. ఈ మందు ఆ ఆమ్లం వేషం వేసుకొని వచ్చి పనికి అడ్డుపడుతుంది.

అయితే రక్తంలోని మందులను మెదడు సులభంగా లోనికి రానీయదు. అందుకే మోతాదును గ్రాములలోకి పెంచుతారు. మామూకు ఒక్క విడతలో ఎక్కించినది అమ్మీ వారపు మోతాదుకు మూడు వందల రెట్లకు పైమాటే! అంత విషం మూత్రపిండాలను దెబ్బతీయకుండా సెలైను ధారగా పెట్టారు. మరునాటి నుండి ల్యూకోవోరిన్ అనే విరుగుడు. లోనికి వెళ్లిన నీరెంత, బయటికి వచ్చినదెంత అని నర్సమ్మ రాత్రింబవళ్లు కొలిచి రాసేది. బోరు ఎన్ని అడుగులకు పోయింది, ఎన్ని అంగుళాల నీరు పడింది అని జీవితమంతా లెక్కపెట్టిన మనిషి ఆ కాగితం చూచి నవ్వారు. జబ్బుపడిన తర్వాత అదే మొదటి నవ్వు.

మెదడు క్యాన్సర్లన్నింటికీ ఈ వైద్యం సరిపోదు. ఈ రకం కూడా తగ్గినట్టే తగ్గి తిరగబెట్టవచ్చునని వైద్యులు దాచకుండా చెప్పారు. నాలుగో విడత తర్వాతి స్కానులో గడ్డ కనిపించలేదు. కుడిచేయి మాత్రం పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఈ ఏడు విత్తనం భాయిజాన్ వేశారు. మామూ గట్టు మీద కూర్చొని, సాళ్లు వంకరపోయాయని కేకలు వేస్తున్నారు.