నచికేతుడు వద్దన్న రథము



కఠోపనిషత్తులో యమధర్మరాజు నచికేతుని మూడవ వరం నుండి మరల్చడానికి చూపిన ప్రలోభాలు అల్పమైనవి కావు. శతాయుష్కులైన పుత్రపౌత్రులు, గోసంపద, గజాశ్వాలు, సువర్ణం, విశాలమైన భూమండలం, రథారూఢలైన అప్సరసలు, ఇవన్నీ ఒక బాలుని ముందు పరచబడ్డాయి. ఆ బాలుడు ఇవన్నీ ఇంద్రియ తేజస్సును హరించేవేనని గ్రహించి, నీ వాహనాలు నీ వద్దనే ఉండనిమ్మని మృత్యుదేవతకే మర్యాదగా తిప్పిపంపాడు.

ముమ్మిడివరంలోని ఒక గృహస్థుడు ఈ ఘట్టాన్ని అనేక పర్యాయములు పారాయణ చేసినవాడే. ఆయనది కొబ్బరి వర్తకం. అంబాజీపేట మార్కెట్టుతో తండ్రి కాలం నుండి సంబంధం. ప్రాతఃకాలంలో అనుష్ఠానం, సాయంకాలంలో శాంకరభాష్య పఠనం, మధ్యలో వ్యాపారం: ఇదీ ఆయన దినచర్య. నచికేతుని వైరాగ్యాన్ని గురించి ఇరుగుపొరుగు వారికి చక్కగా వివరించగల ఆ మనిషి, తాను ఒక వాహనం కొనవలసి వచ్చినపుడు మాత్రం రెండు మాసముల పాటు నిద్రకు దూరమయ్యాడు.

కారణం లేకపోలేదు. ఎనభై ఏళ్లు దాటిన తల్లి స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. భాగ్యనగరంలో శస్త్రచికిత్స జరిగి, ఆమె కుమార్తె ఇంట విశ్రాంతి తీసుకుంటున్నది. ఇంటికి వచ్చిన తరువాత వారానికి రెండు పర్యాయములు వ్యాయామ చికిత్స కొరకు అమలాపురం తీసుకువెళ్లాలి. ఆమె కోరిక మాత్రం ఒక్కటే: మురమళ్లలో భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి జరిగే నిత్యకల్యాణాన్ని మరొక్కసారి కూర్చుని చూడాలి. ఇంట ఉన్న పాత కారు ఆ ప్రయాణాలకు తగినది కాదు. ఈశ్వరానుగ్రహం వలన ఆర్థికంగా లోటు లేదు. కనుక మంచి వాహనమే కొనవచ్చునని కుటుంబమంతా అంగీకరించింది.

ఆయన దృష్టి రెండు వోల్వో వాహనాల మీద నిలిచింది. రెండూ ఒకరు వాడినవే. ఒకటి ఎక్స్‌సీ60 అనే క్రాసోవర్, ఎత్తైనది, వీధిలోకి రాగానే నలుగురూ తల తిప్పి చూసేది. రెండవది వీ90 క్రాస్ కంట్రీ అనే వ్యాగన్, పొడవుగా, నేలకు చేరువగా, వెనుక భాగం విశాలంగా ఉండేది. మన దేశంలో వ్యాగన్‌లకు ఆదరణ ఎన్నడూ స్థిరపడలేదు. 1990ల నాటి టాటా ఎస్టేట్, ఆ తరువాతి మారుతి బలెనో ఆల్టూరా, స్కోడా ఆక్టావియా కాంబీ, టాటా ఇండిగో మరీనా ఒకదాని వెంట ఒకటి వచ్చి కనుమరుగయ్యాయి. 2017లో సుమారు 60 లక్షల రూపాయల ధరతో వచ్చిన వీ90 క్రాస్ కంట్రీ కూడా కొద్ది సంవత్సరాలకే విక్రయశాలల నుండి తొలగిపోయింది. అందువలన అది అరుదు. ఆ అరుదుతనమే ఆయనను ఆకర్షించింది.

అయితే మనస్సు తన కోరికను కోరికగా ఎన్నడూ ఒప్పుకోదు. దానికి శాస్త్రవస్త్రం కప్పుతుంది. ఎత్తైన క్రాసోవర్ రాజసమనీ, వినయంగా నేలకు ఒదిగి ఉండే వ్యాగన్ సాత్త్వికమనీ ఆయన ఒక సిద్ధాంతం నిర్మించుకున్నాడు. లోకులు ఎత్తుకు భ్రమపడతారు, వివేకవంతుడు ప్రయోజనాన్ని చూస్తాడు అనుకున్నాడు. ప్రయోజనానికి సంబంధించిన అంకెలు కూడా ఆయనకు కంఠస్థమే. భూమికీ వాహనం అడుగుభాగానికీ మధ్య ఎడం వ్యాగన్‌లోనూ 210 మిల్లీమీటర్లు ఉన్నది. కనుక కోనసీమలోని కాలువ గట్టు దారులకు దానితో ఇబ్బంది లేదు. వెనుక సామాను పెట్టె అందులోనే విశాలం. బరువు నేలకు చేరువగా ఉండడం వలన మలుపులలో ఒరుగుదల తక్కువ. ఈ మాటలలో ఒక్కటీ అసత్యం కాదు. అసత్యం మాటలలో లేదు, వాటిని పేర్చిన చేతిలో ఉన్నది.

ఇక యంత్రం విషయంలో మరొక మథనం. ఆయన చూసిన వ్యాగన్‌లో ఉన్నది 235 అశ్వశక్తి గల డీజిల్ యంత్రం. దాని తిప్పుడు బలం 480 న్యూటన్ మీటర్లు. క్రాసోవర్‌లో ఉన్నది 250 అశ్వశక్తి గల పెట్రోలు యంత్రం. దానికి 48 వోల్టుల చిన్న విద్యుత్ మోటారు తోడు. తిప్పుడు బలం మాత్రం 350 న్యూటన్ మీటర్లే. డీజిల్ యంత్రం తక్కువ వేగంలోనే బలంగా లాగుతుంది, దూరప్రయాణాలలో ఇంధనం తక్కువ తాగుతుంది. ఈ గుణాలు ఆయనకు ముగ్ధమనోహరంగా తోచాయి.

రాత్రివేళ కఠోపనిషత్తులోని మూడవ వల్లి తెరచినపుడు ఆయనకు ఒక విచిత్రం స్ఫురించింది. మొదటి వల్లిలో నచికేతుడు వద్దన్న రథమే మూడవ వల్లిలో బోధకు సాధనమై తిరిగి వచ్చింది. శరీరం రథం, ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, విషయాలు ఆ గుర్రాలు పరుగెత్తే దారులు. అంటే ఉపనిషత్తు రథాన్ని ద్వేషించలేదు. భోగ్యవస్తువుగా ఇచ్చినపుడు నిరాకరింపజేసి, గమ్యానికి చేర్చే సాధనంగా దానినే అంగీకరింపజేసింది. ఆ ఉపమానంలో గుర్రాలు ఎన్ని అన్న ప్రశ్న లేనే లేదు. అవి సారథికి వశమైనవా కావా అన్నదే ప్రశ్న. 235 ఎక్కువా, 250 ఎక్కువా అని రెండు మాసములుగా లెక్కించిన మనస్సు, లెక్కించేవాడు ఎవడని ఒక్కనాడూ అడగలేదు.

ఈ స్ఫురణ కలిగినంత మాత్రాన ఆయన మారిపోలేదు. పుస్తకం మూసి మరల వ్యాగన్ ఛాయాచిత్రాలు చూస్తూ కూర్చున్నాడు. సాధకులందరికీ పరిచితమైన స్థితియే ఇది.

మొదటి చెక్కును వేసినవాడు ఒక మెకానిక్. పాత కారును బాగుచేయడానికి వచ్చిన ఆ వృద్ధుడు ఆయన చెప్పినదంతా శ్రద్ధగా విని ఒకటే అడిగాడు.

"అమ్మగారిని ఎక్కడెక్కడికి తీసుకెళ్తారండి?"

"అమలాపురం. మురమళ్ల. ఎప్పుడైనా కాకినాడ."

"ఆయ్, అయితే డీజిలు బండి ఎందుకండి? దానికి దూరం పరుగెత్తాలండి. దగ్గర దగ్గర తిరుగుళ్లకి పొగగొట్టంలో ఉండే ఫిల్టరు మసి పట్టేసి మూసుకుపోద్దండి. బలం ఉంది కదా అని ఏనుగుని తెచ్చి పెరట్లో కట్టేసుకున్నట్టు ఉంటాదండి."

మాట సత్యం. ఆధునిక డీజిల్ వాహనాలలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పొగ తగినంత వేడెక్కినపుడే ఆ మసి కాలి ఫిల్టరు శుభ్రపడుతుంది. ముమ్మిడివరం నుండి అమలాపురం సుమారు 15 కిలోమీటర్లు. యంత్రం పూర్తిగా వేడెక్కి, ఆ వేడి నిలిచే లోపే ప్రయాణం ముగుస్తుంది. జాతీయ రహదారుల మీద దినమంతా తిరిగేవారికి వరమైన యంత్రం, వారానికి రెండు పర్యాయములు పక్క పట్టణానికి వెళ్లేవారికి భారమవుతుంది. ఏ వస్తువుకూ స్వతస్సిద్ధంగా శ్రేష్ఠత్వం లేదు. ధర్మం, అవసరం, సందర్భం కలిసి దాని శ్రేష్ఠత్వాన్ని నిర్ణయిస్తాయి. ఆయన ఈ సత్యాన్ని అంగీకరించాడు, కాని వ్యాగన్‌ను విడువలేదు. కాకినాడకు తరచుగా వెళితే సరిపోతుందని మనస్సు వెంటనే ఒక ఉపాయం చెప్పింది. వాహనం కొరకు ప్రయాణాలు కల్పించుకోవడానికి కూడా అది సిద్ధపడింది.

తరువాత భాగ్యనగరంలో రెండు వాహనాలనూ ఒకే దినం కుమార్తె ఇంటి వద్దకు రప్పించారు. ముందుగా వ్యాగన్ వచ్చింది. తల్లి వాకర్ ఆధారంతో మెల్లగా వచ్చి తలుపు వద్ద నిలిచింది. కుమారుడు చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆసనం తగ్గులో ఉండడం వలన ఆమె చివరి జానెడు ఎత్తు నుండి ఒక్కసారిగా జారి కూలబడింది. ముఖంలో నొప్పి కనిపించింది. లేవనెత్తడానికి ఇద్దరు కావలసివచ్చింది.

"ఇందులో కూర్చోడం కాదురా నాన్నా, పడిపోడమే."

"మెత్తటి దిండు వేయిస్తానమ్మా. రెండు రోజుల్లో అలవాటైపోద్ది."

ఆమె కుమారుని ముఖంలోకి చూసింది. అరవై సంవత్సరములుగా చదివిన ముఖం అది.

"నీకు అది నచ్చింది కదూ. కొనుక్కోరా. నేను ఎప్పట్లా ఆటోలో వెళ్తాలే."

ఆ మాటలో నిష్ఠురం లేదు. బాల్యంలో పెద్ద అరిసెను పిల్లవాని ఆకులో వేసి, తనకు ఆకలి లేదన్నప్పటి స్వరమే అది. ఆ స్వరం విన్న క్షణంలో ఆయన నిర్మించుకున్న సాత్త్విక సిద్ధాంతం కుప్పకూలింది. రెండు మాసములలో ఆయన సామాను పెట్టె కొలిచాడు, అశ్వశక్తి కొలిచాడు, భూమి నుండి ఎడం కొలిచాడు. ఏ మోకాళ్ల కొరకు వాహనం కొంటున్నాడో ఆ మోకాళ్లను మాత్రం ఒక్కసారీ అడగలేదు. రెండు వాహనాల మొత్తం ఎత్తులో వ్యత్యాసం సుమారు 11 సెంటీమీటర్లు. ఆ అంకె ఆయనకు తెలుసు. ఇన్నాళ్లూ దానిని లోకుల అహంకారానికి కొలతగా చూశాడు. తల్లికి అది నొప్పికీ స్వాతంత్ర్యానికీ మధ్య దూరం.

క్రాసోవర్ వచ్చింది. ఆమె తలుపు వద్ద వెనుదిరిగి, ఎవరి సాయమూ లేకుండా ఆసనం అంచున కూర్చుని, కాళ్లను లోపలికి తిప్పుకున్నది.

"మన వీధి అరుగంత ఎత్తుంది," అని నవ్వింది.

శ్రేయస్సు, ప్రేయస్సు రెండూ కలగలిసి మనుష్యుని వద్దకు వస్తాయని, హంస నీటి నుండి పాలను వేరు చేసినట్లు ధీరుడు వాటిని వివేచించాలని భాష్యకారులు వివరించారు. సాధారణంగా ఆడంబరమైనది ప్రేయస్సు, నిరాడంబరమైనది శ్రేయస్సు అని మనం సులభంగా విభజిస్తాము. ఈ గృహస్థుని విషయంలో అది తలక్రిందులైంది. నిరాడంబరంగా కనిపించినదే ఆయన అహంకారానికి ఆశ్రయం: నలుగురి వంటివాడను కాను, తెలిసినవాడను అనే సూక్ష్మాహంకారం. ధనాహంకారాన్ని లోకం పసిగడుతుంది. రుచి పేరిట, జ్ఞానం పేరిట వచ్చే అహంకారం పట్టుబడదు, ఎందుకంటే అది సాధకుని వేషంలోనే వస్తుంది. కాషాయం మీద ప్రీతి కూడా పట్టు మీద ప్రీతి వంటిదే కాగలదు.

ఆయన పెట్రోలు యంత్రం గల క్రాసోవర్‌నే కొన్నాడు. ఇది విజయగాథ కాదు. వ్యాగన్ మరొకరికి అమ్ముడైందని తెలిసిన రాత్రి ఆయన నిజంగానే దుఃఖించాడు. వస్తువు మీద మమకారం తెగినపుడు కలిగే నొప్పి చిన్నదే అయినా నొప్పియే. దానిని దాచకుండా చూడడమే ఆనాటి ఆయన సాధన. వాహనం ముమ్మిడివరం చేరిన తరువాత అహంకారం మరొక ద్వారం నుండి ప్రవేశించడానికి యత్నించింది. ఇరుగుపొరుగువారు చుట్టూ చేరి ఎంతయిందండీ అని అడుగుతున్నపుడు, తాను తల్లి కొరకు కొన్నానని చెప్పుకోవడంలో ఉన్న తీపిని ఆయన గమనించాడు. అది కూడా ప్రేయస్సే. అప్పటి నుండి ఆ ప్రశ్నకు బండి సౌకర్యంగా ఉందని మాత్రమే సమాధానం చెబుతున్నాడు.

ఆ ఊరికి ఈ పాఠం కొత్తది కాదు. 1985లో సిద్ధి పొందే వరకు దశాబ్దాల పాటు ముమ్మిడివరంలో ఆసనం వీడక తపస్సు చేసిన బాలయోగీశ్వరులు ఎక్కడికీ ప్రయాణించలేదు. మహాశివరాత్రి నాడు ఆయన దర్శనానికి జనమే ఎడ్లబండ్లలో, పడవలలో, బస్సులలో, కాలినడకన తరలివచ్చేవారు. ఎదుర్లంక వద్ద గౌతమి మీద వంతెన 2002లో గాని రాలేదు. అవతలి ఒడ్డువారు నది దాటడానికే ఎంతో శ్రమపడేవారు. ఈ తల్లి కూడా యౌవనంలో చంకన బిడ్డతో ఆ జనసమ్మర్దంలో నిలిచి దర్శించుకున్నదే. కదలని యోగి, కదిలివచ్చిన జనం. ఏ వాహనంలో వచ్చారని ఆ మౌని ఎవరినీ అడిగి ఉండడు. కాని బిడ్డను ఎత్తుకుని నడిచి వచ్చిన ఆ కాళ్ల ఋణం మాత్రం ఆ బిడ్డ మీద ఉండిపోయింది.

కొన్ని వారాల తరువాత మురమళ్ల ఆలయం ముందు ఆ వాహనం ఆగింది. కుమారుడు దిగి తలుపు తీసి, సాయానికి చేయి చాచాడు. ఆమె ఆ చేతిని సున్నితంగా పక్కకు తోసి, తలుపు అంచు పట్టుకుని తానే దిగి నిలబడింది.

"కల్యాణం మొదలైపోయిందేమోరా, పద," అన్నది.

లోపల మంగళవాద్యాలు వినిపిస్తున్నాయి. ఆమె వెనుక అడుగులో అడుగు వేస్తూ ఆయన నడిచాడు. బండికి తాళం వేయడం మరచిపోయిన సంగతి కల్యాణం ముగిసి, అక్షతలు శిరస్సున పడిన తరువాత గాని ఆయనకు గుర్తు రాలేదు.

స్వస్తి.