ఉక్కుపై అరణ్యం

నాణేలనూ తపాలా బిళ్ళలనూ సేకరించేవారిని లోకం ఆదరంగా చూస్తుంది. పాత తుపాకులను సేకరించేవానిని మాత్రం కొంత అనుమానంతో చూస్తుంది. ఆ అనుమానం అకారణం కాదు. తుపాకీ ప్రాణం తీయడానికి పుట్టిన వస్తువు. అయినప్పటికీ జర్మనీ దేశపు పాత వేట తుపాకీని ఒకసారి వెలుతురుకు ఎదురుగా పట్టి చూచినవాడు దానిని వెంటనే క్రింద పెట్టలేడు. ఇనుప గొట్టానికీ కొయ్య మడమకూ నడుమనున్న ఉక్కు భాగం మీద, అరచేయి కూడా పట్టనంత చోటులో, ఒక అరణ్యం కనిపిస్తుంది. ఓక్ ఆకుల నడుమ కొమ్ముల జింక తల యెత్తి ఏదో అలికిడిని ఆలకిస్తూ ఉంటుంది. రెండవ ప్రక్క అడవిపంది పొదను చీల్చుకొని వస్తూ ఉంటుంది.

ఇటువంటి తుపాకులలో అనేకం థూరింగియా అరణ్యప్రాంతంలోని జూల్ పట్టణంలో తయారైనవి. అక్కడి కొండలలో ఇనుప ఖనిజం ఉన్నది. కొలిమికి కావలసిన కలప ఉన్నది. సమ్మెటలను నడిపే సెలయేళ్ళున్నవి. ముప్పది సంవత్సరాల యుద్ధకాలంలో, 1634లో, శత్రుసేనలు ఆ పట్టణాన్ని తగులబెట్టాయి. పనివారు మరల కొలిములు రాజేశారు. జావర్ సంస్థ అక్కడ 1751లోనూ, మెర్కెల్ సంస్థ 1898లోనూ వెలసినవి.

1848 విప్లవానికి పూర్వం జర్మనీలో రైతుల పొలాలలో సైతం వేటాడే హక్కు ప్రభువర్గానికి ఉండేది. విప్లవంతో ఆ హక్కు తొలగింది. క్రమంగా వర్తకులు, వైద్యులు, అటవీ అధికారులు వేట తుపాకులు కొనసాగారు. ఒకే రోజున కుందేలు, పక్షి, పంది ఎదురుపడే అడవులవి. అందువలన రెండు నునుపు గొట్టాలనూ, లోపల మెలిగాడులు గల మూడవ గొట్టాన్నీ కలిపి ఒకే తుపాకీగా రూపొందించారు. దానిని ‘ద్రిల్లింగ్’ అంటారు. ఒకే కాన్పులో పుట్టిన ముగ్గురిని సూచించే మాట అది.

ఇక చెక్కడపు పని. ఉక్కును గట్టిపరచక మునుపే దానిపై బొమ్మ గీసి, సన్నని ఉలితో, చిన్న సుత్తితో చెక్కుతారు. జింక మెడ మీది జూలుకు ఒక్కొక్క వెంట్రుకకూ ఒక్కొక్క గీత. గీత ఒకసారి తప్పితే చెరిపి దిద్దుకొనే వీలు దాదాపు లేదు. పని ముగిసిన తరువాత ఆ భాగాన్ని ఎముకల బొగ్గుతో పెట్టెలో మూసి, ఎర్రగా కాల్చి, నీటిలో ముంచుతారు. పైపొర గట్టిపడి, నీలం, గోధుమ వన్నెలు మబ్బుల వలె దానిపై పరచుకొంటాయి. ఇంత శ్రమించిన శిల్పి పేరు చాలా తుపాకులపై కనిపించదు. గొట్టం మీద సంస్థ పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. సేకరణ కొత్తలో ఆ పేరును చూచి మురిసినవాడు, కాలం గడిచేకొద్దీ పేరు లేని ఆ చేతిని వెదకనారంభిస్తాడు. ఇదే ఆకుల మడత, ఇదే జింక కన్ను మునుపు మరొక తుపాకీపై చూచానే అని ఆగిపోతాడు.

అతనికి ఆధారాలు గొట్టం అడుగున దొరుకుతాయి. 1891 నాటి చట్టం ప్రకారం జర్మనీలో ప్రతి తుపాకినీ పరీక్షించి, కిరీటమూ అక్షరమూ గల ముద్రలు వేసేవారు. కొన్నింటిపై నెల, సంవత్సరం కూడ ఉంటాయి. ‘4 27’ అని ఉంటే 1927 ఏప్రిల్ అని అర్థం. ఈ ముద్రలు చదవడం ఒట్టి వినోదం కాదు. పాత ఎనిమిది మిల్లీమీటర్ల తుపాకీలో తరువాతి కాలపు, కొంచెం లావైన గుండు గల తూటాను పేల్చితే గొట్టంలో ఒత్తిడి అపాయకరంగా పెరుగుతుంది. గుండ్ల లావులోని తేడా మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు మాత్రమే!

కొన్నింటి మడమ మీద చిన్న వెండి బిళ్ళ, దానిపై యజమాని పేరులోని తొలి అక్షరాలు ఉంటాయి. సేకరించేవాని మనస్సు కలత చెందేది ఇక్కడనే. 1945 ఏప్రిల్‌లో అమెరికా సేనలు జూల్ పట్టణానికి వచ్చాయి. జూలైలో అది సోవియట్ల అధీనమైంది. ఓడిన దేశమంతటా పౌరులు తమ ఆయుధాలను విజేతలకు అప్పగించవలసి వచ్చింది. ఎన్నో తుపాకులు ధ్వంసమయ్యాయి. కొన్నింటిని సైనికులు స్వదేశానికి తీసుకొనిపోయారు. ఈనాడు అమెరికాలో అమ్మకానికి వచ్చే జర్మన్ వేట తుపాకులలో అటువంటివి ఉన్నాయి. వెలయిచ్చి న్యాయంగానే కొన్నప్పటికీ, ఆ రెండక్షరాల మనిషి తన తుపాకీని ఏ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడో అన్న ఆలోచన కొన్నవానిని విడువదు.

పాతదానిని కొత్తదిగా మెరిపించాలనే కోరిక మరొక చిక్కు. సానపట్టిన ఉక్కు మెరుస్తుంది. దానితో పాటు జింక జూలులోని సన్నని గీతలు మాయమవుతాయి. పోయిన గీతలను మరొకరు తిరిగి చెక్కితే అది మొదటి శిల్పి పని అనిపించుకోదు. పాత యజమాని అడవిలో నడుస్తూ తుపాకీని నడుమ భాగంలో పట్టుకొనేవాడు. ఆ పట్టుకు అడుగుననున్న ఆకులు కొన్ని అరిగిపోయి ఉంటాయి. అనుభవం గల సేకర్త వాటి జోలికి పోడు. నూనె తడిపిన మెత్తని గుడ్డతో ఒకసారి తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేస్తాడు.